గోల్ కొట్టనివాడికి క్లబ్బులో పనేమిటి?

గత సంచికలో కోచ్‌ల గురించి రాస్తూ ఒకే ఒక్క వాక్యంలో క్లబ్బు సీఈవోల ప్రస్తావన తెచ్చాను. ఈసారి ఉత్తరాలన్నీ ఆ వాక్యం మీదే. నేను ఇంగ్లండ్‌లో రెండు ఫుట్‌బాల్ క్లబ్బుల లెక్కల విభాగంలో 14 ఏళ్లు పనిచేశాను. రెండో క్లబ్బులో చివరి ఆరేళ్లు సీఈవో గది పక్కగదే నాది. అక్కడ చూసింది చూసినట్టు చెబుతాను.

*

ప్రశ్న: మేడమ్, నేను అభిమానించే జట్టు వరసగా ఓడిపోతోంది. గ్యాలరీలో జనం కోచ్‌ని వదిలేసి సీఈవోని దిగిపొమ్మని బ్యానర్లు పట్టుకున్నారు. ఆయన బంతి తన్నడు, జట్టుని ఎంపిక చెయ్యడు. మరి ఆయన చేసేదేమిటి? గెలుపోటముల్లో ఆయన చెయ్యి నిజంగా ఉంటుందా?

జవాబు: ఉంటుందండీ. ఈ శనివారం మ్యాచ్‌లో మాత్రం దాదాపు ఉండదు. ఇంకో రెండేళ్లకి ఆ జట్టు ఏ డివిజన్‌లో, అంటే లీగుల మెట్లలో ఏ మెట్టు మీద, ఆడుతుంది, అసలు ఆడుతుందా లేదా అన్నది చాలావరకు ఆయన చేతిలోనే ఉంటుంది.

క్లబ్బులో అందరూ గెలుపు గురించే ఆలోచిస్తారు. యజమాని, కోచ్, ఆటగాళ్లు, అభిమానులు, చివరికి టికెట్ కిటికీలో కూర్చునే కుర్రాడు కూడా అంతే. అలా ఆలోచించడమే వాళ్లకి ధర్మం. ఓడితే ఏమవుతుందని ఆలోచించాల్సిన మనిషి ఒక్కరే, సీఈవో. ఆ ఆలోచన ఎవరికీ నచ్చదు. అందుకే ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎవరికీ నచ్చరు.

డబ్బు ఎటునుంచి వస్తుందో చూడండి. మ్యాచ్ రోజు గేటు దగ్గర వచ్చేది, స్పాన్సర్లు ఇచ్చేది, టీవీ ప్రసార హక్కుల వాటా, అప్పుడప్పుడు ఆటగాళ్లని అమ్మితే వచ్చేది. పై డివిజన్ క్లబ్బులు చాలావాటికి వీటిలో పెద్దది టీవీ డబ్బే. అది మీరు ఏ డివిజన్‌లో ఉన్నారన్నదాన్ని బట్టి వస్తుంది. ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పై డివిజన్ ప్రీమియర్ లీగ్. సీజన్ చివర అడుగున నిలిచి అక్కణ్ణుంచి కిందకి పడిపోయిన క్లబ్బుకి ఒక్కసారిగా ఊపిరి ఆగిపోకుండా, లీగ్‌లో అందరికీ సమానంగా పంచే ప్రసార సొమ్ములో మొదటి ఏడు 55 శాతం, రెండో ఏడు 45, మూడో ఏడు 20 ఇస్తారు. పైన ఒకే ఒక్క సీజన్ ఆడి దిగిపోతే ఆ మూడో ఏడు వాటా కూడా ఉండదు. రాబడి అలా మెట్టు మెట్టుగా దిగుతుంటే జీతాలు మాత్రం కాంట్రాక్టులో రాసి ఉన్నచోటే నిలబడి ఉంటాయి, దిగాలని ముందే ఎవరో రాయించి ఉంటే తప్ప.

ఆ రాయించే మనిషే సీఈవో.

నా మొదటి క్లబ్బు సంగతి చెబుతాను. పై డివిజన్‌కి వెళ్లిన సంబరంలో నలుగురు ఆటగాళ్లకి నాలుగేసి ఏళ్ల కాంట్రాక్టులిచ్చారు. కిందకి పడిపోతే జీతం తగ్గుతుందన్న షరతు ఒక్కదాంట్లోనూ లేదు. అప్పటి సీఈవోకి ఆ షరతు తెలియక కాదు. యజమాని ఉత్సాహం మీద నీళ్లు చల్లడానికి మొహమాటపడ్డాడు. జట్టు ఒక్క సీజన్లోనే కిందకి వచ్చేసింది. ఆ మరుసటి చలికాలం ఒక నెలాఖరున జీతాలు పడలేదు. ఆటగాళ్లకి డబ్బు అందలేదని పేపర్లన్నీ రాశాయి. జెర్సీలు ఉతికే ఆవిడకీ, మైదానంలో గడ్డి చూసే ఇద్దరికీ, అకాడమీ పిల్లల్ని వ్యాన్‌లో దింపే డ్రైవరుకీ అందలేదని ఎవరూ రాయలేదు. 11 రోజులు ఆలస్యమైంది. ఆ 11 రోజులూ వాళ్లు ఒక్కొక్కరే నా టేబుల్ దగ్గరికి వచ్చి, ఏమీ అడగకుండా కాసేపు నిలబడి వెళ్లిపోయేవాళ్లు. అడిగి ఉంటే బాగుండేది.

రెండో క్లబ్బులో సీఈవోగా ఒకావిడ ఉండేవారు. మేం పైకెళ్లిన వేసవిలో ప్రతి కాంట్రాక్టులోనూ ఆవిడ ఒకే వాక్యం పెట్టించారు. పడిపోతే జీతం 40 శాతం తగ్గుతుంది, అంతే. కోచ్ రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మేం ఎంతో ఆశపడ్డ ఒక స్ట్రైకర్ తరఫు ఏజెంట్ ఆ వాక్యం చదివి ఫైలు మూసేసి లేచిపోయాడు. ఆ కుర్రాడు వేరే జట్టుకి వెళ్లి మా మీదే రెండు గోల్స్ కొట్టాడు. ఆ రోజు గ్యాలరీలో ఆవిడ పేరుతో పాట కట్టి తిట్టారు. ఆవిడ కిందనే కూర్చుని విన్నారు. రెండేళ్లకి పడిపోయాం. ఆదివారం చివరి మ్యాచ్, సోమవారం పొద్దున నేను కొత్త జీతాల పట్టీ తెరిచాను. అంకెలు వాటంతటవే తగ్గి ఉన్నాయి. ఆ వేసవిలో ఆఫీసులో ఒక్క ఉద్యోగం పోలేదు. అకాడమీ మూతపడలేదు. ఆవిడ గదిలోకి వెళ్లి ఆ పట్టీ చూపిస్తే, చూసి, "గడ్డి చూసేవాళ్ల కాంట్రాక్టులు ఈ నెలే రెన్యూ చెయ్యండి, వాళ్లు భయపడుతుంటారు" అన్నారు.

ఇదే విషయం పెద్ద క్లబ్బుల్లో పెద్ద అంకెలతో జరుగుతుంది. లీడ్స్ యునైటెడ్ 2001లో, యూరప్ మేటి క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్‌లో సెమీఫైనల్ ఆడింది. ఏటా ఆ పోటీకి అర్హత వస్తుందన్న ధీమాతో అప్పులు చేసి ఆటగాళ్లని కొన్నారు. అప్పుచేసి పప్పుకూడు అంటామే, అచ్చంగా అదే. మరుసటి ఏడు అర్హతే రాలేదు. 2002లో రియో ఫెర్డినాండ్‌ని మాంచెస్టర్ యునైటెడ్‌కి అమ్ముకున్నారు. 2004లో జట్టు రెండో డివిజన్‌కీ, 2007లో మూడో డివిజన్‌కీ దిగింది. మళ్లీ ప్రీమియర్ లీగ్ మొహం చూసింది 2020లో. పోర్ట్స్‌మత్‌ది ఇంకా బాధాకరం. 2008లో ఎఫ్ఏ కప్పు గెలిచారు, 2010 ఫిబ్రవరిలో దివాలా ప్రక్రియలోకి వెళ్లారు. ప్రీమియర్ లీగ్‌లో ఉండగా ఆ గతి పట్టిన మొదటి క్లబ్బు అదే. 9 పాయింట్లు కోసేశారు. చివరికి 2013లో అభిమానుల ట్రస్టే క్లబ్బుని కొని నిలబెట్టింది.

జర్మనీ క్లబ్బు బొరుసియా డార్ట్‌మండ్ కూడా సరిగ్గా ఆ గట్టు మీదికే వచ్చింది. 2005లో హాన్స్ యోఆకిమ్ వాట్స్‌కే పగ్గాలు పట్టేనాటికి స్టేడియం కూడా వాళ్లది కాదు. ఒక పెట్టుబడి నిధికి అమ్మేసి అద్దెకి ఆడుతున్నారు. ఆ ఏడు మార్చి 14న డ్యూసెల్‌డార్ఫ్ విమానాశ్రయంలోని ఒక హాల్లో ఆ నిధిలో వాటాలున్నవాళ్లంతా కూర్చుని, క్లబ్బుని బతకనివ్వాలా వద్దా అని ఓటు వేశారు. బతకనిచ్చారు. తర్వాత డార్ట్‌మండ్ ఖరీదైన ఆటగాళ్లని వదులుకుని కుర్రాళ్లని నమ్ముకుంది. 2008లో కోచ్‌గా యుర్గెన్ క్లోప్ వచ్చాడు. 2011, 2012ల్లో లీగ్ గెలిచారు, 2013లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడారు. అందరికీ క్లోప్ గుర్తుంటాడు, ఉండాలి కూడా. నాకు మాత్రం ఆ విమానాశ్రయం హాలే గుర్తొస్తుంది. ఆ రోజు ఓటు అటు పడి ఉంటే క్లోప్ వచ్చేందుకు క్లబ్బే ఉండేది కాదు.

మీ జట్టు అభిమానులది తప్పని నేననను. కోచ్‌ని వెతికి తెచ్చే బాధ్యతలో సీఈవో వాటా పెద్దది. మాంచెస్టర్ యునైటెడ్‌లో 2013 వేసవిలో కోచ్ అలెక్స్ ఫెర్గూసన్‌తో పాటే సీఈవో డేవిడ్ గిల్ కూడా తప్పుకున్నారు. ఆరేళ్ల కాంట్రాక్టు మీద వచ్చిన కొత్త కోచ్ డేవిడ్ మోయెస్ పది నెలలు తిరక్కుండా వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆ పతనం గురించి మాట్లాడేవాళ్లంతా ఫెర్గూసన్ పోవడాన్నే లెక్కేస్తారు. నా లెక్కలో రెండు కుర్చీలూ ఒకే వేసవిలో ఖాళీ కావడమే అసలు దెబ్బ. కొత్త కోచ్‌కి పాత సీఈవో అండ ఉంటుంది, కొత్త సీఈవోకి పాత కోచ్ అండ ఉంటుంది. ఆ ఏడు ఇద్దరికీ ఎవరూ లేరు.

*

ప్రశ్న: ఆటగాణ్ణి కొనే నిర్ణయం ఎవరిది? కోచ్‌దా, స్పోర్టింగ్ డైరెక్టర్‌దా, సీఈవోదా? ఈ లెక్కల నియమాలేమిటో, పాయింట్లు ఎందుకు కోస్తున్నారో నాకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు.

జవాబు: ఎవరు కావాలో కోచ్, స్పోర్టింగ్ డైరెక్టర్ చెబుతారు. ఎంతకి, ఎన్నేళ్లకి, ఏ షరతుల మీద అన్నది సీఈవో తేలుస్తారు. పద్ధతిగా నడిచే క్లబ్బుల్లో సంగతి ఇది. యజమాని తనే రాత్రికి రాత్రి ఏజెంట్‌కి ఫోన్ చేసే క్లబ్బులూ ఉన్నాయి, అక్కడ సీఈవో ఉత్త గుమాస్తా.

లెక్కలు నా సొంత గడ్డ కాబట్టి కాస్త ఓపిగ్గా వినండి. 5 కోట్ల పౌండ్లకి ఒకణ్ణి ఐదేళ్ల కాంట్రాక్టు మీద కొన్నారనుకోండి. పుస్తకాల్లో ఆ ఏడే 5 కోట్లు ఖర్చు రాయరు. ఏడాదికి కోటి చొప్పున ఐదేళ్లకి పరుస్తారు. కాంట్రాక్టు ఎంత పొడవైతే ఏడాది ఖర్చు అంత పల్చబడుతుంది. 2023లో చెల్సీ ఎనిమిదేళ్లు, అంతకు పైబడిన కాంట్రాక్టులిచ్చింది ఇందుకే. అది చూసి యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ ఆ ఏడే, కాంట్రాక్టు ఎంత పొడవున్నా ఖర్చు మాత్రం ఐదేళ్లకి మించి పరచకూడదని కట్టడి చేసింది. ప్రీమియర్ లీగ్ క్లబ్బులూ డిసెంబర్‌లో అదే బాట పట్టాయి.

అమ్మకం దగ్గర తిరకాసు ఉంది. కొన్న ఆటగాణ్ణి అమ్మితే పుస్తకాల్లో ఇంకా మిగిలిన విలువ తీసేశాక వచ్చేదే లాభం. అకాడమీలో పెరిగిన కుర్రాడికి కొన్న ధర లేదు, కాబట్టి అమ్మిన ప్రతి పైసా లాభమే. ఎనిమిదేళ్ల వయసు నుంచి ఆ గేటులోంచే వచ్చిపోయిన పిల్లాడే అందరికంటే ముందు అమ్మకానికి సిద్ధమైపోతాడు. లెక్కలు రాసే మనిషిగా ఈ సూత్రం నాకు అర్థమవుతుంది. మనిషిగా మాత్రం ఇది తప్పనే అంటాను. ఈ నియమం రాసినవాళ్లు అకాడమీ పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని మళ్లీ రాయాలి.

నాటింగ్‌హామ్ ఫారెస్ట్ వ్యవహారం చూస్తే సీఈవో గదిలో ఉండే బరువు తెలుస్తుంది. ప్రీమియర్ లీగ్ క్లబ్బు మూడేళ్లలో 10 కోట్ల 50 లక్షల పౌండ్లకి మించి నష్టం చూపించకూడదన్నది అప్పటి నియమం. కొత్తగా పైకొచ్చిన క్లబ్బు కాబట్టి ఫారెస్ట్‌కి ఆ హద్దు ఇంకా తక్కువ. చేతిలో ఉన్న బంగారం బ్రెన్నన్ జాన్సన్, వాళ్ల అకాడమీ కుర్రాడే. లెక్కల సంవత్సరం 2023 జూన్ 30తో ముగుస్తుంది. ఆలోపు అమ్మితే తక్కువ ధర వస్తుంది గానీ నష్టం హద్దులో పడుతుంది. ఆగితే మంచి ధర వస్తుంది. ఆగారు. సెప్టెంబర్ 1న టాటెన్‌హామ్‌కి మంచి ధరకే అమ్మారు. ఎక్కువ డబ్బు తెచ్చామన్న వాదన విచారణలో నిలబడలేదు, 2024 మార్చిలో 4 పాయింట్లు కోసేశారు. అదే సీజన్లో ఎవర్టన్‌కి ముందు 10 పాయింట్లు కోత పడి, అప్పీలు మీద 6కి తగ్గి, మళ్లీ ఇంకో 2 పడ్డాయి. మైదానంలో ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు. పాయింట్లు కాగితం మీద పోయాయి.

కాగితం అంటే గుర్తొచ్చింది. ఆటగాళ్లని కొనడానికి గడువు ముగిసే 2017 ఆగస్టు ఆఖరి రోజున లెస్టర్ సిటీ ఆడ్రియన్ సిల్వా పత్రాలు పంపింది. 14 సెకన్లు ఆలస్యం. ఆ కుర్రాడు జనవరి దాకా మ్యాచ్ ఆడలేకపోయాడు. నేను అలాంటి ఆఖరి రాత్రులు తొమ్మిది చూశాను. వైద్య పరీక్ష ఫలితం ఒకచోట, ఆటగాడి సంతకం ఇంకోచోట, అవతలి క్లబ్బు అధికారి ఫోన్ ఎత్తకపోవడం. మా సీఈవో ఆవిడ ఆ రాత్రి పది దాటాక కొత్త బేరం ఏదీ మొదలుపెట్టనిచ్చేవారు కాదు. ఎవరెంత బతిమాలినా సరే. ఒకసారి కోచ్ వచ్చి తలుపు దగ్గర నిలబడి, "ఒక్క గంట" అన్నాడు. ఆవిడ గడియారం వైపు చూడలేదు కూడా.

*

ప్రశ్న: సీఈవోగా పనిచెయ్యాలంటే ఒకప్పుడు ఆటగాడై ఉండాలా?

జవాబు: అక్కర్లేదు. ఆడినవాళ్లలో గొప్పగా చేసినవాళ్లున్నారు. కార్ల్ హైంజ్ రుమెనిగె బయర్న్ మ్యూనిక్‌ని 2002 నుంచి 2021 దాకా నడిపాడు. అదే కుర్చీలో తర్వాత కూర్చున్న ఒలివర్ కాన్‌ని 2023 మే 27న, జట్టు లీగ్ గెలిచిన రోజే తప్పించారు. అయాక్స్‌లో ఎడ్విన్ వాన్ డెర్ సార్ ముందు మార్కెటింగ్ విభాగంలో పని నేర్చుకుని ఆ తర్వాత పైకొచ్చాడు, నాకు ఆ పద్ధతి చాలా ఇష్టం. వృత్తిగా ఆడనివాళ్లలో ఇవాన్ గజీడిస్ న్యాయవాది. ఆర్సెనల్‌లో పనిచేసి ఏసీ మిలాన్‌కి వెళ్లాడు, 2022లో మిలాన్ ఇటలీ లీగ్ గెలిచేనాటికి సీఈవో ఆయనే. బర్మింగ్‌హామ్ సిటీ 1993లో క్యారెన్ బ్రేడీ చేతికి క్లబ్బుని అప్పగించేనాటికి ఆమె వయసు 23. ఆటగాడి భాష తెలిస్తే మంచిదే, బ్యాలెన్స్ షీట్ భాష రాకపోతే మాత్రం కుదరదు.

*

ప్రశ్న: టికెట్ ధర పెంచేటప్పుడు మమ్మల్ని అడగరు. ఎప్పుడో ఒకసారి క్షమాపణ చెబుతారు. అసలు సీఈవోకి అభిమానులతో పనేముంది?

జవాబు: మీ కోపం న్యాయమైనది. 2016 ఫిబ్రవరి 6న ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ అభిమానులు 77వ నిమిషంలో లేచి వెళ్లిపోయారు. కొత్త స్టాండులో 77 పౌండ్ల టికెట్ పెడతామన్నందుకు. అప్పటికి జట్టు సండర్లాండ్ మీద 2-0తో ముందుంది. మ్యాచ్ 2-2తో ముగిసింది. కొద్ది రోజుల్లోనే యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకున్నారు. 2021 ఏప్రిల్‌లో 12 పెద్ద క్లబ్బులు తమకోసం విడిగా సూపర్ లీగ్ అనే పోటీ ప్రకటిస్తే, అభిమానుల ఆగ్రహానికి రెండు రోజుల్లో ఆరు ఇంగ్లీషు క్లబ్బులూ తప్పుకున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కాక, ముందే ఒక సాయంత్రం నలుగురు అభిమానుల్ని కూర్చోబెట్టుకుని అడిగి ఉంటే సరిపోయేది. మా సీఈవో ఆవిడ ప్రతి రెండు నెలలకీ అభిమానుల సంఘంతో కూర్చునేవారు. అక్కడ తిన్న తిట్లు డైరీలో రాసుకుని మర్నాడు సంబంధిత విభాగాలకి పంచేవారు.

మీరు అడగని ఒక సంగతి మాత్రం చెప్పి తీరాలి. అభిమానులతో సీఈవోకున్న మొదటి పని ధరలు కాదు, వచ్చినవాళ్లందరినీ క్షేమంగా ఇంటికి పంపడం. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో ఎఫ్ఏ కప్పు సెమీఫైనల్‌కి వెళ్లిన లివర్‌పూల్ అభిమానుల్లో 97 మంది ఆ తొక్కిడికి బలైపోయారు. పోలీసుల వైఫల్యం గురించి చాలా రాశారు, రాయాల్సిందే. ఆఫీసు మనిషిని గనక నా కళ్లు ఇంకోచోట ఆగుతాయి. ఆ స్టేడియం భద్రతా పత్రం 1979 నాటిది, తర్వాత కట్టడంలో జరిగిన మార్పులు అందులోకి ఎక్కనే లేదు. నిలబడి చూసే టికెట్లున్న 10,100 మందికి కేటాయించిన గేట్లు 7. ఆ గేట్ల ఏర్పాటు విషయంలోనే, ఆ స్టేడియంలో ఆడే షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్బు ఆనాటి సెక్రటరీని 2019లో కోర్టు దోషిగా తేల్చింది. ఆయన గుంపుని తొయ్యలేదు. ఆయన పని ఆఫీసులో కూర్చుని చేసే పని.

మా క్లబ్బులో మ్యాచ్‌కి ముందు రోజు మధ్యాహ్నం మూడింటికి సీఈవో, సేఫ్టీ ఆఫీసర్ కలిసి స్టేడియం చుట్టూ నడిచేవాళ్లు. గేట్లు లోపల్నుంచి తెరుచుకుంటున్నాయా, మెట్ల మీద ఏమైనా అడ్డం పెట్టారా అని. ఆరేళ్లలో ఆవిడ ఆ నడక మానింది ఒక్కసారే, వాళ్లమ్మగారు పోయినప్పుడు. ఆ రోజు నన్ను వెళ్లమన్నారు.

*

ప్రశ్న: నేను బీకాం చివరి ఏడు చదువుతున్నాను. ఫుట్‌బాల్ అంటే ప్రాణం, ఆడటం రాదు. ఈ రంగంలోకి రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అక్కా?

జవాబు: లెక్కలతోనే మొదలుపెట్టమ్మా, సగం దారి వచ్చేశావు. ఫిఫా మాస్టర్ అనే కోర్సు ఒకటుంది, మూడు దేశాల్లోని మూడు విశ్వవిద్యాలయాలు కలిపి నడుపుతాయి. అది మంచిదే, కానీ అదొక్కటే దారి అనుకోకు. టికెట్ల విభాగంలో ఒక సీజన్ పనిచేసినవాళ్లకి క్లబ్బు గురించి తెలిసినంత ఏ తరగతి గదిలోనూ తెలియదు.

ఈలోగా ఇంట్లో కూర్చుని చెయ్యగలిగిన పని ఒకటుంది. ఇంగ్లండ్ క్లబ్బుల వార్షిక లెక్కలు అక్కడి ప్రభుత్వ కంపెనీల రిజిస్టర్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఒకే క్లబ్బువి ఐదేళ్లవి దించుకో. మొదట రాబడిలో జీతాల వాటా ఏడాదికేడాది ఎంతో పక్కపక్కన రాసుకో. యూఈఎఫ్ఏ ఇప్పుడు తన పోటీల్లో ఆడే క్లబ్బులకి ఆటగాళ్ల, ప్రధాన కోచ్ జీతాలు, బదిలీ ఖర్చులు, ఏజెంట్ల ఫీజులు అన్నీ కలిపి రాబడిలో 70 శాతం దాటకూడదంటోంది, దాంతో పోల్చి చూడు. తర్వాత వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉండే నోట్స్‌కి వెళ్లు. లెక్కల సంవత్సరం ముగిశాక ఎవర్ని కొన్నారు, ఎవర్ని అమ్మారు, ఏయే షరతులు నెరవేరితే ఇంకెంత కట్టాల్సి వస్తుంది, అన్నీ అక్కడే ఉంటాయి. అలా ఒక క్లబ్బు చదివాక, అది కిందకి పడిపోతే మొదటి నెలాఖరున జీతాలు ఎలా కడతారో ఒక పేజీలో రాసి నాకు పంపు. ఎర్ర కలంతో దిద్ది తిరిగి పంపిస్తాను.